అల్లుడి ముందు అడిగిన ప్రశ్న

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా రోడ్డు పక్కన ఎక్కడెక్కడ మరుగుదొడ్డి ఉందో నన్నడగండి, తడుముకోకుండా చెప్తాను. భీమడోలులో ఏ హోటలాయన మొహం చిట్లిస్తాడో, ఏ పెట్రోలు బంకులో తలుపుకి గడియ పడదో, పుల్లలో ఏ ఇంటావిడ పెరటి తలుపు తీసి ఉంచుతుందో అన్నీ నాకు కంఠతా వచ్చు. నేను బస్సు కండక్టర్ని. ఆ రోడ్డు మీద ఏడేళ్ళు టిక్కెట్లు కొట్టాను. అందులో రెండేళ్ళు టిక్కెట్లు కొడుతున్నానన్న మాటే గానీ నా ధ్యాసంతా ఆ తలుపుల మీదే ఉండేది.

ఇప్పుడు 2008 జూన్. ఒంట్లో కాస్త ఓపిక వచ్చింది. గండం గడిచిందని డాక్టరు గారు అంటున్నారు గానీ నాకు మాత్రం కాలు ఒకచోట నిలవడం లేదు. ఈ నాలుగు ముక్కలు రాసేలోపే రెండుసార్లు లేచి వీధి గుమ్మం దాకా వెళ్ళొచ్చాను. పొయ్యి మీద పాలు లేవు, ఎవరూ వస్తామనలేదు, అయినా లేచాను. కూర్చుని రాసే అలవాటు లేనిదాన్ని, కాబట్టి ఎగుడుదిగుడుగా ఉంటే ఏమీ అనుకోకండి.

మా ఇంట్లో ఒక అబద్ధం నా ప్రాణం మీదికి తెచ్చింది. అది ఆడింది నన్ను కన్నతల్లి, అదీ నా బాగు కోరి. అలాంటిది మీ ఇంట్లో కూడా ఏ మూలో ఉండి ఉంటుందని నా అనుమానం. అందుకే రాస్తున్నాను.

2005 వేసవి

మొదట రక్తం కనిపించినప్పుడు వేడి చేసిందనుకున్నాను. మనవైపు ఒంట్లో ఏ తేడా వచ్చినా ముందు అనే మాట అదే కదా. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగాను, బార్లీ కాచుకున్నాను, మజ్జిగన్నం తప్ప ఇంకేం ముట్టలేదు. తగ్గలేదు సరికదా, రోజుకి పది, పన్నెండుసార్లు వెళ్ళాల్సి వచ్చేది. అదీ చెప్పి వచ్చేది కాదు. కడుపులో ఒక మెలి తిరిగిందంటే నిమిషం కూడా గడువుండదు. నిండు బస్సులో, చేతిలో టిక్కెట్లతో, చుట్టూ జనం ఉండగా ఆ నిమిషం వస్తే ఎలా ఉంటుందో రాయాలంటే సిగ్గేస్తోంది. ఒకసారి కైకరం దగ్గర జరగకూడనిదే జరిగింది. ఖాకీ కోటు విప్పి నడుముకి చుట్టుకుని మిగతా డ్యూటీ పూర్తి చేశాను. గూడెం చేరేదాకా ఎవరి మొహమూ చూడలేదు.

ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకీ చెప్పలేదు. ఆయన పేరు శ్రీనివాస్, ఏలూరులోనే పవర్‌పేటలో మోటార్లకి వైండింగ్ చేసే షాపు ఉంది. పాప మౌనికకి అప్పటికి రెండేళ్ళు. కాన్పయ్యాక ఆడవాళ్ళకి ఇలాంటివి మామూలేనని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. దాచడం నాకూ వచ్చని ఇక్కడే ఒప్పేసుకుంటున్నాను, ముందు ముందు అమ్మని తిడతాను కాబట్టి.

కనిపెట్టింది మా డ్రైవరు మస్తాన్ గారు. ఆయన నన్నేమీ అడగలేదు. పుల్ల రాగానే బస్సు పక్కకి తీసి, "వెనక టైరు ఎందుకో మెత్తగా అనిపిస్తోందండీ, ఒక్కసారి చూసొస్తాను" అని దిగి, టైర్ల చుట్టూ తిరుగుతూ కాలితో తంతూ ఉండేవారు. నేను ఆ ఇంటావిడ పెరట్లోకి వెళ్ళి వచ్చేదాకా ఆయనకి టైరు మీద అనుమానం తీరేది కాదు. రోజూ వచ్చే పాసింజర్లు వేళాకోళం చేసేవాళ్ళు. "ఏవండీ మస్తాన్ గారూ, ఈ బస్సుకి రోజూ పుల్లలోనే గాలి దిగుద్దేంటండీ?" అంటే, "మరేనండీ, దీనికి ఈ ఊరంటే ఇష్టమండీ" అనేవారు. ఏడాదిన్నర పాటు ఆయన ఆ టైరుని తంతూనే ఉన్నారు.

2006

ఏలూరులో మొలలన్నారు. ఆ మందులు ఆరు నెలలు వాడాను. చివరికి మా ఆయనే, నేను చిక్కిపోవడం చూసి, విజయవాడ తీసుకెళ్ళారు. అక్కడ గొట్టం వేసి చూసి పెద్దపేగంతా పుండ్లు పడిందన్నారు. అల్సరేటివ్ కోలైటిస్ అని రాసిచ్చారు. ఆ పేరు తిన్నగా పలకడానికి నాకు వారం పట్టింది. తిన్నదాంట్లో తప్పు లేదట, వేడీ కాదట. స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటే తగ్గేది, మోతాదు తగ్గిస్తే తిరగబెట్టేది. మొహం గుమ్మడికాయలా ఉబ్బింది. కోపం ముక్కు మీదే ఉండేది. "ముందుకి జరగండి" అన్న ఒక్క మాట దగ్గర భీమడోలులో ఒక పెద్దాయనతో గొడవ పెట్టుకుని డిపోలో సంజాయిషీ రాసిచ్చాను. ఇంట్లో సంజాయిషీ అడిగేవాళ్ళు లేరు కాబట్టి మా ఆయన అన్నీ పడ్డారు.

అదే ఏడాది కొల్లేరు అభయారణ్యంలో చేపల చెరువులు ఉండకూడదని ప్రభుత్వం వాళ్ళు గట్లు తెగ్గొట్టారు. మా పుట్టిల్లు మండవల్లి అవతల, కొల్లేటి అంచున. నాన్న ఎప్పుడో పోయారు. అన్నయ్య చెరువు కూడా కొట్టేయాల్సిన హద్దులోనే ఉందని తేలింది. మట్టి తవ్వే ప్రొక్లెయిను వచ్చి గట్టుకి ఒక్కచోట గండి కొట్టిందట, మధ్యాహ్నానికల్లా చెరువులో చేపలన్నీ కొల్లేట్లో కలిసిపోయాయి. అన్నయ్య వేరేవాళ్ళ చెరువు మీద పనికి కుదిరాడు. అమ్మ ఒక ట్రంకుపెట్టె పట్టుకుని ఏలూరులో మా ఇంటికి వచ్చేసింది. అమ్మాయికి చేసిపెట్టడానికి వెళ్తున్నానని ఊళ్ళో చెప్పిందట. అదీ నిజమే, అక్కడ పొయ్యి ఆరిపోయిందన్నదీ నిజమే.

అమ్మ గురించి కాస్త చెప్పాలి. ఆవిడ అల్లుడి ఎదుట కూర్చోదు, ఆయనతో నేరుగా మాట్లాడదు. ఆయన భోంచేస్తుంటే వంటింటి గుమ్మం అవతల నిలబడి, "అమ్మాయ్, అల్లుడు గారికి ఇంకో గరిటె పప్పు వెయ్యమంటారేమో అడుగు" అంటుంది. అల్లుడు గారు రెండు బారల దూరంలో కూర్చుని ఆ మాట వింటూనే ఉంటారు. "చాలని చెప్పు" అని ఆయన నాతో అంటారు. ఇంట్లో కూడా మధ్యలో నిలబడి కండక్టరీ చెయ్యడం నా రాత. మాకు పెళ్ళయి పదకొండేళ్ళయినా వాళ్ళిద్దరూ ఎదురెదురుగా పట్టుమని పది మాటలు మాట్లాడుకుని ఉండరు. అమ్మ దృష్టిలో అది మర్యాద. మావైపు చాలా ఇళ్ళలో అంతే.

2007 ఫిబ్రవరి

విజయవాడ ఆస్పత్రి వెయిటింగ్ హాల్లో మా జబ్బువాళ్ళని ఇట్టే గుర్తుపట్టొచ్చు. ఫ్యాను కింద కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోరు, బాత్రూమ్ తలుపు కనిపించే కుర్చీ కోసం వెతుక్కుంటారు. ఆ రోజు అలాంటి కుర్చీ ఒక్కటే ఉంది, దాంట్లో తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుని ఉంది. నేను హాల్లో అటూ ఇటూ తిరగడం చూసి ఆవిడే లేచి, "కూర్చోండమ్మా, నాకు ఇప్పుడే అయింది, ఇంకో పావుగంట పరవాలేదు" అంది. ఆ మాటకి ఇద్దరం నవ్వాం. ఆస్పత్రిలో నేను నవ్వడం అదే మొదలు.

లోపలికి ముగ్గురం వెళ్ళాం. మా ఆయన నా పక్క కుర్చీలో, అమ్మ మా వెనక గోడకి ఆనుకుని. డాక్టరు గారు పెద్దాయన, గట్టిగా మాట్లాడరు. స్టెరాయిడ్ ఇక లాభం లేదన్నారు. రెండే దారులున్నాయన్నారు. ఒకటి, పెద్దపేగు తీసేసి పొట్ట మీద సంచి పెట్టడం. సంచి పెట్టుకుని నిండు బస్సులో జనం మధ్య తోసుకుంటూ టిక్కెట్లు కొట్టడం ఊహించుకున్నాను. రెండోది కొత్త మందు, బయలాజికల్ అంటారట.

"మన ఒంట్లో కాపలా కాసే తెల్లకణాలు ఉంటాయమ్మా," అని మొదలెట్టారు. "క్రిమి వస్తే అవి ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. పిలవడానికి ఒక పదార్థాన్ని వదులుతాయి. మీ పేగులో క్రిమి ఏమీ లేదు. అయినా పిలుస్తూనే ఉన్నాయి, పిలిచినవన్నీ వచ్చి పేగునే కాల్చేస్తున్నాయి. ఈ మందు ఆ పదార్థాన్ని దారిలోనే పట్టేస్తుంది. పిలుపు అందకపోతే కొత్తవి రావు. వచ్చి కూర్చున్నవాటిలో కొన్ని చల్లబడతాయి, కొన్ని చచ్చిపోతాయి. అప్పుడు పుండు మానుతుంది."

బాగానే ఉందనిపించింది. మా ఆయన ఆ మందు దేంతో చేస్తారని అడిగారు. బతికున్న కణాల్లో తయారుచేస్తారని, అందులో కొంత భాగం ఎలుక నుంచి తీసుకున్నదని చెప్పారు. వెనక నుంచి అమ్మ "రామ రామ" అనుకోవడం వినిపించింది.

"ఒక ఇబ్బంది ఉంది," అన్నారు డాక్టరు గారు. "టీబీ క్రిమి ఎప్పుడో ఒంట్లో చేరి ఉంటే ఈ కణాలే దాన్ని చంపలేక చుట్టూ గోడ కట్టి లోపల పెట్టేస్తాయి. మనిషికి తెలియను కూడా తెలియదు. ఆ గోడ నిలవాలన్నా ఆ పిలుపే కావాలి. మేం ఈ మందిచ్చి పిలుపు ఆపేస్తే గోడ కాసేవాళ్ళు వెళ్ళిపోతారు. అందుకని అడుగుతున్నాను. మీకు గానీ, ఇంట్లో ఎవరికైనా గానీ, ఎప్పుడైనా టీబీ వచ్చిందా?"

గోడ అంటే నాకు చెరువు గట్టు కళ్ళముందు కనిపించింది. గండి పడితే ఏమవుతుందో కిందటేడే విన్నదాన్ని. బాగా అర్థమైంది. అర్థమయ్యే "లేదండీ" అన్నాను. నాకు తెలిసినంతలో అది నిజం.

మా ఆయన కూడా లేదన్నారు. డాక్టరు గారు నా భుజం మీదుగా చూసి, "మీరు చెప్పండమ్మా. చిన్నప్పుడు అమ్మాయికి ఎక్కువ రోజులు దగ్గు, జ్వరం లాంటివి ఏమైనా వచ్చాయా?" అని అడిగారు.

నేను వెనక్కి తిరిగి చూశాను. అమ్మ డాక్టరు గారి వైపు చూడటం లేదు, మా ఆయన తల వెనక భాగాన్ని చూస్తోంది. కొంగు సర్దుకుని, "అందరి పిల్లల్లాగేనండీ," అంది.

చేతి మీద చిన్న సూది పొడిచి మూడో రోజు చూశారు, ఏమీ పొంగలేదు. స్టెరాయిడ్ వాడుతున్నప్పుడు ఆ పరీక్షని పూర్తిగా నమ్మలేమని, అందుకే నోటితో అంతగా అడిగామని డాక్టరు గారు అన్నారు. ఎక్స్‌రేలో ఒక చిన్న మచ్చ ఉంది. పాతదేమో, ఏ న్యుమోనియా మచ్చో అనుకున్నారు. ఇంటిల్లిపాదీ లేదన్నాక ఆయన మాత్రం ఏం చేస్తారు?

2007 మార్చి నుంచి

మొదటి సీసా ఎక్కడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ మంచం మీద పడుకోలేక స్టాండు పట్టుకుని నిలబడతానంటే నర్సమ్మ కోప్పడింది. నాలుగో రోజు పొద్దున్న ఒక్కసారే వెళ్ళాను. రక్తం లేదు. నమ్మకం లేక సాయంత్రం దాకా ఎవరితోనూ అనలేదు. రెండో సీసా అయ్యాక ఏలూరు నుంచి గూడెం దాకా ఎక్కడా దిగకుండా వెళ్ళాను. పుల్ల దగ్గర మస్తాన్ గారు అలవాటుగా బస్సు పక్కకి తీస్తూ అద్దంలో నా వైపు చూశారు. "పోనివ్వండి, టైరు బాగానే ఉంది" అన్నాను. ఆయన గేరు మార్చారు. ఉంగుటూరు దాకా నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. పాసింజర్లు చూస్తున్నా తుడుచుకోలేదు, అంత సంతోషంగా ఉంది.

ఆ ఆర్నెల్లూ నేను పెళ్ళిళ్ళకి వెళ్ళాను, పాపని ఎత్తుకుని ద్వారకా తిరుమల మెట్లెక్కాను, మామిడికాయ పప్పు తిన్నాను. నా ఒంట్లో ఎవరో అరుపులు ఆపేసినట్టుండేది. ఇక వెనక్కి చూసేది లేదనుకున్నాను.

2007 నవంబరు

ముందు సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడటం మొదలైంది. డ్యూటీ అలసటన్నారు. తర్వాత జాకెట్టు పిండేంత చెమటలు. తర్వాత దగ్గు. డిసెంబరులో విజయవాడ ఆస్పత్రిలో చేర్చారు. ఊపిరితిత్తుల్లో నెమ్ము ఉందన్నారు. ఆ వార్డులో డాక్టర్లు వేరు. పాత కాగితాల్లో టీబీ లేదని స్పష్టంగా రాసి ఉంది కాబట్టి ముందు న్యుమోనియాకి మందులిచ్చారు. కళ్ళె పరీక్షలో మొదటిసారి ఏమీ తేలలేదు. పది రోజులు గడిచాయి. నేను సగమయ్యాను. జ్వరంలో కూడా మంచం దిగి కిటికీ దాకా, కిటికీ నుంచి మంచం దాకా తిరుగుతుంటే పక్క మంచం ఆవిడ, "ఒక్క క్షణం కుదురుగా ఉండమ్మా తల్లీ, నిన్ను చూస్తుంటే నాకు ఆయాసం వస్తోంది" అని బతిమాలుకుంది. పడుకుంటే లేవనేమోనని నా భయం. పాపని ఇక చూడనేమోనని భయం. ఈ మాట అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

పదకొండో రోజు పొద్దున్న జరిగింది నేను చూడలేదు, మా ఆయన తర్వాత చెప్పారు. వార్డు బయట బల్ల మీద ఆయన కూర్చుని ఉన్నారట. అమ్మ వచ్చి, ఎప్పుడూ లేనిది, ఆ బల్ల మీదే ఆయన పక్కన కూర్చుందట. ఆయన కంగారుపడి లేవబోయారట.

"కూర్చోండి అల్లుడు గారూ. మీతోనే చెప్పాలండీ," అందట అమ్మ. "వరానికి తొమ్మిదో ఏట ఆ పాడు జబ్బు వచ్చిందండీ. మూడు నెలలు రోజూ సూదులు వేయించాం. ఏడాది పాటు మాత్రలు వెయ్యాలన్నారు గానీ పక్కిళ్ళవాళ్ళు ఏం మాత్రలు, ఏం మాత్రలని అడుగుతుంటే మధ్యలోనే మాన్పించేశాం. దగ్గు తగ్గింది కదా అనుకున్నాం. పెళ్ళప్పుడు మీవాళ్ళు అడిగితే ఏమీ లేదన్నాం. మొన్న డాక్టరు గారు అడిగినప్పుడు నోటిదాకా వచ్చిందండీ. మీరు అక్కడే ఉన్నారు."

మా ఆయన లేచి డాక్టరు గారి గదికి పరుగెత్తారు. ఆ మధ్యాహ్నమే టీబీ మందులు మొదలుపెట్టారు. తర్వాత చేసిన పరీక్షలో క్రిమి దొరికింది కూడా. ఇంకో వారం ఆలస్యమైతే చెప్పలేమని డాక్టరు గారు అన్నారు.

ఆ సూదులు నాకు గుర్తే. వరం అంటే నేనే, వరలక్ష్మిని. ఆర్‌ఎంపీ డాక్టరు రోజూ సైకిలు మీద వచ్చేవాడు. నేను ఏడిస్తే అమ్మ జామకాయ ఇచ్చేది. బలానికి సూదులని చెప్పారు, నేను నమ్మాను. ఆ ఏడే అమ్మ గుండు చేయించుకుంది, అన్నయ్య పరీక్ష పాసైనందుకు మొక్కని అందరికీ చెప్పింది. ఇరవై ఆరేళ్ళు నా ఒంట్లో ఏముందో నాకు తప్ప మా పుట్టింట్లో అందరికీ తెలుసు.

అమ్మ మంచం దగ్గరికి వచ్చినప్పుడు నేను అనకూడని మాటలన్నాను. "నా పెళ్ళి నిలబెట్టడానికి నన్ను చంపుకున్నావే" అన్నాను. ఆవిడ ఏడవలేదు. బత్తాయి ఒలుస్తూ కూర్చుంది. తొనలన్నీ ప్లేటులో పెట్టింది. నేను తినలేదు. ఆ మాట అన్నందుకు ఇప్పుడు బాధపడుతున్నాను గానీ, అప్పుడు అన్నది అబద్ధమని మాత్రం అనను.

2008

ఈ ఏడాది మొదటి నాలుగు నెలలు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. టీబీ మందులకి ఒంట్లోంచి పోయేదంతా ఎర్రగా ఉండేది. కొత్త మందు ఆపేశారు కాబట్టి పేగు మళ్ళీ రాజుకుంది. ఆ ఎరుపులో మందేదో రక్తమేదో తెలియక బాత్రూములో నిలబడి ఏడ్చిన రోజులున్నాయి. ఆపరేషన్ మాట మళ్ళీ వచ్చింది. డ్యూటీకి సెలవు. మస్తాన్ గారు ఆదివారాలు వచ్చి గుమ్మం బయటే కుర్చీ వేయించుకుని, డిపో కబుర్లు చెప్పి వెళ్ళేవారు. కొత్త కండక్టరుకి టైరు సంగతి తెలియక పుల్లలో రైట్ రైట్ అనేస్తున్నాడని నవ్వించేవారు.

మా ఆయన అమ్మతో మూడు నెలలు మాట్లాడలేదు. ఇంతకుముందు కూడా మాట్లాడుకునేవాళ్ళు కాదు గానీ, ఇది వేరు. ఒకరోజు నాతో, "నాకు ముందే చెప్పి ఉంటే నేను పెళ్ళి మానేసేవాణ్ణా?" అన్నారు. "మానేసేవారు కాదా?" అన్నాను సూటిగా. "మా నాన్న మానిపించేవాడు," అన్నారు గోడ గడియారం వైపు చూస్తూ. అప్పటి నుంచి ఆయన కోపం కొంచెం కొంచెంగా తగ్గింది. ఒకరోజు గ్యాసు బండ అయిపోతే అమ్మ వంటింటి గుమ్మం దాటి వచ్చి ఆయనతోనే చెప్పింది. ఆయన బండ మార్చి, "ఇంకేమైనా కావాలా అత్తయ్య గారూ?" అని అడిగారు. నా కండక్టరీ అక్కడితో సరి.

మేలో పేగు కాస్త సర్దుకుంది. టీబీ కోర్సు ఇంకో మూడు నెలలుంది. అదయ్యాక మళ్ళీ ఆ బయలాజికల్ మందు మొదలెట్టొచ్చని, ఈసారి గట్టి నిఘాతో ఇస్తామని డాక్టరు గారు చెప్పారు. భయం లేదా అంటే ఉంది. అయినా వెళ్తాను. తప్పు మందుది కాదు. ఒంట్లో దేన్ని పట్టి ఉంచుతున్నామో చెప్పకుండా కాపలావాళ్ళని పంపేశాం, అంతే. డాక్టర్లకి కూడా ఒక విన్నపం. అత్తగారిని ఏదైనా అడగాలంటే అల్లుణ్ణి ముందు బయటికి పంపండి. పెళ్ళాన్ని అడగాలంటే మొగుణ్ణి పంపండి.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ పోయిన వారం జరిగినది రాయకపోతే ఇదంతా రాసి లాభం లేదు.

నాకు టీబీ తేలిన రోజుల్లోనే ఇంట్లో అందరికీ పరీక్షలు చేశారు. మౌనికకి జబ్బు లేదు గానీ, ఐదేళ్ళది కాబట్టి రాకుండా ఉండటానికి ఆరు నెలలు రోజూ మాత్ర వెయ్యమన్నారు. అమ్మే పొడి చేసి, తేనెలో కలిపి, పెరట్లో కూర్చోబెట్టి చెంచాతో పాపకి పట్టిస్తుంది. పోయిన వారం గోడ అవతల నుంచి పక్కింటి రమణమ్మ గారు చూసి, "రోజూ ఏం మందమ్మా పాపకి?" అని అడిగారు. ఆవిడ మంచావిడే. వాళ్ళ మనవరాలు, మా మౌనిక రోజంతా కలిసే ఆడుకుంటారు.

నేను తడుముకోలేదు. "రక్తం తక్కువగా ఉందన్నారండీ, ఐరన్ మందు," అన్నాను. ఎంత నున్నగా వచ్చిందంటే, అనేశాక గానీ అబద్ధమాడానని నాకే తెలియలేదు.

రమణమ్మ గారు లోపలికి వెళ్ళిపోయారు. అమ్మ చెంచా కడుగుతూ, నా వైపు చూడకుండా, "నేనూ ఇలాగే మొదలెట్టానే. మన ఊళ్ళో పక్కింటావిడతోనే," అంది.

ఇంట్లోకి వెళ్ళాను, బయటికి వచ్చాను, మళ్ళీ వెళ్ళాను. అమ్మ మీద ఆర్నెల్లుగా పడ్డ కోపమంతా నా మీదికే తిరిగింది. చివరికి గోడ దగ్గరికి వెళ్ళి, "రమణమ్మ గారూ, ఒక్కసారి ఇలా రండి," అని పిలిచాను. ఆవిడ తడి చేతులతోనే వచ్చారు. "ఇందాక నేను చెప్పింది నిజం కాదండీ. నాకు టీబీ. మందులు వాడుతున్నాను, ఇప్పుడు ఇంకొకరికి అంటదని డాక్టరు గారు చెప్పారు. పాపకి లేదు. రాకుండా వేస్తున్న మాత్రలవి."

"అయ్యో, అలాగా అమ్మా," అన్నారావిడ. అంటూనే ఒక అడుగు వెనక్కి వేశారు. ఆవిడకి తెలియకుండానే వేసి ఉంటారు. ఆ సాయంత్రం నుంచి వాళ్ళ మనవరాలు రావడం లేదు. మౌనిక గోడ దగ్గర ఇటుక ఎక్కి నిలబడి పిలుస్తుంది, అవతల నుంచి పలకరు. అమ్మ చూస్తూ ఉంటుంది గానీ, చూశావా ఏమైందో అని నన్ను ఒక్క మాట కూడా అనలేదు. డాక్టరు గారి చేత కాగితం రాయించి తీసుకొచ్చి రమణమ్మ గారికి చూపిస్తానని మా ఆయన అంటున్నారు. చూపించనివ్వండి. చూపించినా రాకపోతే రాకపోనివ్వండి.

నిన్న పొద్దున్న మౌనిక చెంచా నోట్లో పెట్టించుకోకుండా, "ఇది ఎందుకు?" అని అడిగింది. అమ్మ, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నేను చెప్పబోయేలోపే అమ్మ చెప్పింది. ఆవిడ నోట ఆ పేరు నేను పుట్టి బుద్ధెరిగాక వినడం అదే మొదలు.

"టీబీ అని ఒక జబ్బు ఉంటుందమ్మా. మీ అమ్మకి వచ్చింది. నీకు రాకూడదని," అంది. "ఎవరైనా అడిగితే ఏమని చెప్తావు?"

"టీబీ రాకూడదని," అంది మౌనిక.

"గట్టిగా," అంది అమ్మ.

మౌనిక గోడ అవతలికి వినపడేంత గట్టిగా చెప్పింది. అమ్మ దానిచేత ఇంకోసారి చెప్పించి, అప్పుడు మందు వేసింది.